డిగ్రీ భాషా తరగతుల్లో ఆన్‌లైన్ బోధన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ గోదావరి డెల్టాలోని కళాశాలల నుంచి, అక్కడ చదువుకుంటున్న పిల్లల ఇళ్ల నుంచి వచ్చినవి. అన్నీ డిగ్రీ స్థాయి భాషా తరగతుల్లోకి ఆన్‌లైన్ బోధనను తీసుకురావడం గురించే. ఒకే సంగతిని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే ప్రచురిస్తున్నాము. మొదటి జవాబు కొంత పెద్దది. మిగిలినవాటిలో చాలా ప్రశ్నలకు ఆధారం అందులోనే ఉంది.

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలిని. వచ్చే సెమిస్టర్ నుంచి జనరల్ ఇంగ్లీషులో నలభై శాతం ఆన్‌లైన్‌లో చెప్పాలని, అందుకోసం పాఠాలన్నీ వీడియో తీసి పెట్టాలని మా ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. తరగతిలో డెబ్బై మంది ఉన్నారు. ఏయే పాఠాలు వీడియో తీయాలి? అసలు భాష నేర్పడానికి ఈ పద్ధతి పనికివస్తుందా?
— ఒక అధ్యాపకురాలు, అమలాపురం

జవాబు: ముందు ఆ నలభై శాతం సంగతి చూద్దాము. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఈ అంకెను రెండు వేర్వేరు సందర్భాల్లో వాడింది. మొదటిది కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోని కోర్సుల క్రెడిట్లకు సంబంధించిన నిబంధన. ఒక సెమిస్టర్‌లోని మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదువుకోవడానికి అది అనుమతిస్తుంది. 2016 నాటి నిబంధనలో ఇది 20 శాతంగా ఉండేది. రెండోది అదే ఏడాది మే నెలలో అభిప్రాయాల కోసం విడుదల చేసిన మిశ్రమ బోధన పత్రం. ప్రతి కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లోను, మిగిలిన 60 శాతం తరగతి గదిలోను బోధించవచ్చునని అందులో సూచించారు. ఈ రెండూ కలిసిపోయి, ఎంత ఆన్‌లైన్‌లో చెప్పి తీరాలో సంఘం నిర్ణయించిందన్న అభిప్రాయం కళాశాలల్లో పాతుకుపోయింది. నిజానికి రెండూ గరిష్ఠ పరిమితులే. మీ తరగతికి పదిహేను శాతం చాలునని మీకు తోస్తే కారణాలతో సహా కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. సబ్జెక్టు తెలిసిన అధ్యాపకురాలు రాసి ఇచ్చిన కారణాన్ని తోసిపుచ్చడం ఎవరికీ అంత తేలిక కాదు.

ఇక ఏ పాఠాలు వీడియో తీయాలన్న ప్రశ్నతో పని మొదలుపెట్టవద్దని నా సలహా. డెబ్బై మంది ఉన్న తరగతిలో మీరు ఒక్క మాటైనా మాట్లాడకుండా గంట మొత్తం విద్యార్థులకే వదిలిపెట్టినా, ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు. మీరు నలభై నిమిషాలు పాఠం చెప్పి మిగిలిన ఇరవై నిమిషాలు వారికిస్తే, తలకు పదిహేడు సెకన్లు. విద్యార్థి సెమిస్టర్ అంతా క్రమం తప్పకుండా వచ్చినా అతను తరగతిలో ఇంగ్లీషు మాట్లాడిన సమయం కొద్ది నిమిషాలే అవుతుంది. మూడేళ్లు చదివి కూడా పిల్లలు నోరు విప్పలేకపోతున్నారని అందరూ వాపోతారు గాని, వారికి నోరు విప్పే వ్యవధి ఎక్కడ దొరికిందని అడిగేవారు తక్కువ. ఆన్‌లైన్ బోధన వల్ల భాషా తరగతికి కలిగే మేలు ఏదైనా ఉంటే, మీరు పాఠం చెప్పే ఆ నలభై నిమిషాల్లో కొంత భాగాన్ని ఇంటికి పంపి, ఆ సమయాన్ని తరగతిలో విద్యార్థుల మాటకు ఇవ్వగలగడమే. ఆ సమయం తరగతికి తిరిగి రాకుండా టైంటేబుల్‌లోంచి ఎగిరిపోతే, పిల్లలకు ఉన్న పదిహేడు సెకన్లు కూడా పోతాయి.

కాబట్టి విద్యార్థి ఒంటరిగా చేసినప్పుడే బాగా సాగే పనులేవో ముందుగా ఏరి పక్కన పెట్టండి. వాటిలో మొదటిది వినడం. తరగతిలో టేపు రికార్డరు పెట్టినా, లాంగ్వేజ్ ల్యాబ్‌లో కూర్చోబెట్టినా అందరూ ఒకే వేగంతో ఒకేసారి వినవలసి వస్తుంది. చేతిలో ఫోన్ ఉన్న విద్యార్థి తనకు అర్థంకాని వాక్యాన్ని, పక్కవాడు నవ్వుతాడన్న బెంగ లేకుండా, ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వింటాడు. రెండోది ఉచ్చారణ సాధన. మన పిల్లలు ‘ఎగ్’ అనవలసినచోట ‘యెగ్’ అని, ‘ఓల్డ్’ అనవలసినచోట ‘వోల్డ్’ అని, హల్లుతో ముగిసే పదాలకు చివర ఉకారం చేర్చి ‘బస్సు’, ‘బుక్కు’ అని పలకడం తెలుగు ధ్వనుల అలవాటు వల్ల వచ్చిందే. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అంతకంటె ముఖ్యమైనది పదంలో ఊనిక పడే చోటు, అంటే నొక్కి పలికే చోటు. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద పడే ఊనిక ‘ఫోటోగ్రఫీ’లో రెండో అక్షరం మీదికి జరుగుతుంది. ఇలాంటివి నల్లబల్ల మీద ఎంత వివరించినా పట్టుబడవు. నమూనా విని, తాను పలికి రికార్డు చేసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి వింటే కొంతకాలానికి చెవికి పట్టుబడతాయి. పదజాలాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేసుకోవడం, వ్యాకరణ అభ్యాసాల్లో తప్పొప్పులు వెంటనే తెలుసుకోవడం కూడా ఈ కోవలోవే. పాఠ్యభాగాన్ని మొదటిసారి చదవడమూ ఇంట్లోనే జరగాలి.

తరగతిలోనే ఉండవలసినవి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉంటే తప్ప జరగనివి: సంభాషణ, వాదప్రతివాదాలు, ఇంటర్వ్యూ అభ్యాసం, రాసినదాన్ని పక్కన కూర్చుని దిద్దడం, కవితనో కథనో కలిసి చదివి అర్థం గురించి తగువులాడుకోవడం. కెమెరాలు ఆపి, మైకులు ఆపి, పేర్లు మాత్రమే కనిపించే తెరకు పాఠం చెప్పడం ఎలా ఉంటుందో 2020, 2021 సంవత్సరాల్లో మనమంతా చూశాము. అది విపత్తు కాలంలో వేరే దారి లేక చేసిన పని. దాన్ని ఆన్‌లైన్ బోధనకు నమూనాగా పెట్టుకోవడం పొరపాటు, దాన్ని చూసి ఈ పద్ధతినే కొట్టిపారేయడమూ పొరపాటే.

ఇప్పుడు వీడియోల సంగతి. గంటసేపు పాఠం చెబుతూ తీసిన వీడియోను పూర్తిగా చూసేవారు అరుదు. పరీక్షకు ముందురోజు రాత్రి రెండింతల వేగంతో చూస్తారు. మీరు తప్పనిసరిగా చెప్పదలచుకున్నదాన్ని ఆరేడు నిమిషాల ముక్కగా, ఒక్క అంశానికే పరిమితం చేసి, చివర రెండు ప్రశ్నలతో ఇవ్వండి. ముఖం కనిపించవలసిన అవసరం లేనిచోట శబ్దం మాత్రమే రికార్డు చేయండి. పాఠ్యభాగ సారాంశాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోను రికార్డు చేయవద్దు. అది చేతికందితే విద్యార్థి పాఠం చదవడు. భాషా తరగతిలో పాఠం చదవని విద్యార్థికి మనం నేర్పేదేమీ ఉండదు.

ఎవరూ ముందుగా ఆలోచించని కష్టం దిద్దుబాటు దగ్గర వస్తుంది. వారానికి రెండు నిమిషాల రికార్డింగ్ పంపమని డెబ్బై మందినీ అడిగారనుకోండి, వినడానికే రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. వెనక్కి తిప్పి విని, ఒక్కొక్కరికి రెండు వాక్యాలు రాసేసరికి అది సులువుగా రెట్టింపవుతుంది. మీకు ఇలాంటి తరగతులు మూడు ఉంటే వారమంతా ఇదే పని. నెల తిరగకుండా అధ్యాపకులు వినడం మానేస్తారు, అది పసిగట్టిన విద్యార్థులు పంపడం మానేస్తారు. అందుకని తరగతిని నలుగురేసి చొప్పున చిన్న బృందాలుగా చేసి, ప్రతి రికార్డింగ్‌ను ముందు ఆ బృందంలోనివారే, మీరిచ్చిన మూడు ప్రశ్నల ఆధారంగా వినేలా చేయండి. మీరు వారానికి పాతిక శాతం మందివి, అంటే పద్దెనిమిది రికార్డింగులు మాత్రమే వినండి. నెలలో ప్రతివారి వంతూ వస్తుంది. ఆ వినే సమయాన్ని బోధన గంటలుగా లెక్కించాలని ముందుగానే అడిగి, రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఆన్‌లైన్ వల్ల అధ్యాపకుల పని తగ్గుతుందన్న లెక్కతో పోస్టులు తగ్గించే ఆలోచన ఎక్కడైనా ఉంటే, భాషా విభాగం దాన్ని మొదటిరోజే గట్టిగా ఎదిరించాలి. ఈ పద్ధతిలో ఉపన్యాసం తగ్గుతుంది, దిద్దుబాటు పెరుగుతుంది.

మొదటి సెమిస్టర్‌లో ఒక్క యూనిట్‌తో మాత్రమే ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: ఇంగ్లీషుకు ఇవన్నీ నడుస్తాయేమో గాని, తెలుగు పద్యాన్ని ఆన్‌లైన్‌లో ఎలా చెప్పగలము? రాగం, విరుపు, గురువు నోటి నుంచి వినడం లేకుండా ప్రాచీన సాహిత్యం చెప్పడం సాధ్యమా?
— తెలుగు అధ్యాపకులు, భీమవరం

జవాబు: అయ్యా, మీ సందేహంలో సగం న్యాయం ఉంది. అయితే తెలుగు తరగతిలో ఫోన్‌కు అప్పగించదగిన పని ఇంగ్లీషు తరగతిలో కంటె ఎక్కువే ఉందని నేను అనుకుంటున్నాను.

ఛందస్సునే తీసుకోండి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు, పదకొండో అక్షరం యతి. గురులఘువులు గుర్తించి గణవిభజన చేయడం పూర్తిగా నియమాలకు లోబడిన పని, జవాబు ఒప్పో తప్పో వెంటనే తేలిపోతుంది. మీరు బోర్డు మీద రెండు పద్యాలు విడగొట్టి చూపేలోగా గంట కొడతారు. అదే అభ్యాసాన్ని ప్రశ్నావళిగా ఆన్‌లైన్‌లో పెడితే విద్యార్థి రోజుకు నాలుగు పద్యాలు విడగొట్టి, ఎక్కడ తప్పాడో అక్కడికక్కడే చూసుకోగలడు. సంధులు, సమాసాలు, నానార్థాలు కూడా ఇంతే. నిఘంటువు చూసే అలవాటు మన విద్యార్థుల్లో దాదాపు అంతరించింది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వంటివాటిని ఒకేచోట వెతికే సౌకర్యం ఉంది. ప్రతి పద్యానికి ఐదు పదాలకు అర్థాలు తామే వెతికి, సందర్భానికి ఏది అతుకుతుందో రాసి తరగతికి రమ్మనండి. ప్రతిపదార్థం మీరు చెప్పి రాయించడం ఆగిపోతుంది. పరీక్షల్లో అది అడుగుతారు కదా అంటారు; అడిగితే రాయడానికి ఇంతకంటె మంచి సాధన ఉండదు.

పద్యపఠనం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. గోదావరి జిల్లాల్లో పద్యనాటకానికి ఉన్న ఆదరణ వల్ల పద్యం అనగానే పిల్లలకు హార్మోనియం పక్కన సాగదీసిన రాగమే గుర్తుకు వస్తుంది. ఆ సాగదీతలో లఘువు గురువై కూర్చుంటుంది, యతి దగ్గర అక్షరాల మైత్రి మరుగున పడుతుంది. రంగస్థలం మీద అది రసవంతమే, తరగతిలో మాత్రం ఛందస్సు చెవికి వినపడకుండా పోతుంది. మీరు రాగం లేకుండా, పదాల విరుపు తెలిసేటట్టు చదివిన రికార్డింగ్ ఒకటి, కొంచెం రాగంతో చదివినది ఒకటి ఇవ్వండి. విద్యార్థి మొదటిదాన్ని అనుకరించి పంపాలి, రెండోదాన్ని తరగతిలో ఎదురుగా చదవాలి. ళకార లకారాల తేడా, ణకారం, ఒత్తక్షరాలు, శషసల తేడా మొదటి రికార్డింగ్‌లోనే బయటపడతాయి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టినప్పటి నుంచి పద్యం చెవి ద్వారానే సాగుతూ వచ్చింది. ఆ చెవికి ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దం శత్రువేమీ కాదు.

ఒక్కమాట. తెలుగు టైపింగ్ రాని విద్యార్థితో ఆన్‌లైన్‌లో తెలుగు వ్యాసం రాయించబోతే ఇంగ్లీషు అక్షరాల తెలుగు వస్తుంది. మొదటి రెండు వారాలు కీబోర్డు నేర్పడానికే కేటాయించండి. చేతిరాతను కూడా వదలవద్దు, పరీక్ష రాసేది కాగితం మీదే.

ప్రశ్న: మాది గోదావరి నడుమ ఉన్న లంక గ్రామం. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, అది నాన్న పనికి వెళ్లేటప్పుడు తీసుకువెళతారు. వరదల రోజుల్లో కాజ్‌వే మునిగిపోతుంది, సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ఆన్‌లైన్ తరగతికి హాజరు లేదని ఇంటర్నల్ మార్కులు తగ్గించారు. నేనేం చేయాలి?
— బి.ఏ. విద్యార్థి, పి.గన్నవరం మండలం

జవాబు: బాబూ, నీ వైపు తప్పేమీ లేదు. ఈ జవాబు నీకంటె ఎక్కువగా నీ అధ్యాపకులకు రాస్తున్నాను, నువ్వు దీన్ని వారికి చూపించు.

ఫలానా గంటకు తెర ముందు ఉండాలన్న నియమమే ఇలాంటి ఊళ్లకు పనికిరాదు. అందరూ ఒకే సమయంలో కూర్చునే ప్రత్యక్ష ప్రసార తరగతికి సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లెక్క వేసినా గంటకు 450 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. పది నిమిషాల పాఠాన్ని శబ్దంగా మాత్రమే, సెకనుకు 32 కిలోబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే 2.4 మెగాబైట్లు. మనిషి గొంతు స్పష్టంగా వినడానికి ఆ నాణ్యత చాలు. సాయంత్రం నాన్నగారు వచ్చాక ఒక్కసారి సిగ్నల్ దొరికినా వారం పాఠాలన్నీ దించుకోవచ్చు, ఆ తరువాత సిగ్నల్‌తో పని లేదు. హాజరును తెర ముందు కూర్చున్న గంటలతో గాక, వారంలోగా పూర్తిచేసి ఇచ్చిన అభ్యాసాలతో లెక్కించాలి.

వరద గురించి కళాశాల సెమిస్టర్ మొదట్లోనే ఒక నియమం రాసుకోవచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ప్రకటిస్తారు. రెండో హెచ్చరిక వెలువడితే లంక గ్రామాల విద్యార్థులందరికీ, ఎవరూ దరఖాస్తు పెట్టుకోనవసరం లేకుండా, గడువులు రెండు వారాలు పొడిగించినట్టే భావించాలి. జూలై, ఆగస్టుల్లో వరద వస్తుందని పడవ నడిపేవారికి తెలుసు, అకడమిక్ క్యాలెండర్ తయారుచేసేవారికి కూడా తెలిసి ఉండాలి.

ఇంట్లో డిష్ ఉంటే పాఠాలు ప్రసారం చేసే స్వయంప్రభ టీవీ ఛానళ్లు చూడు, అవి ఇంటర్నెట్ అవసరం లేకుండా ఉచితంగా వస్తాయి. రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలు, అవే మళ్లీ పలుమార్లు ప్రసారమవుతాయి గనుక వీలైన వేళ చూడవచ్చు. మీ సిలబస్‌తో అన్నీ సరిపోవు, వినికిడి అభ్యాసానికి మాత్రం ఉపయోగపడతాయి. తగ్గించిన మార్కుల గురించి తేదీలతో సహా ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసి, నకలు నీ దగ్గర ఉంచుకో.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రెంచి చదువుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఫ్రాన్సు వారితో మాట్లాడితే భాష వస్తుందని అంటున్నాడు. సమయం వృథా కాదా?
— ఒక గృహిణి, యానాం

జవాబు: కాదమ్మా, పద్ధతిగా చేస్తే ఆన్‌లైన్ వల్ల భాషా విద్యార్థికి దక్కే అతి పెద్ద లాభం అదే. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మీ ఊళ్లో కూడా ఇప్పుడు ఫ్రెంచి మాట వీధిలో వినిపించదు. ఆ భాష మాట్లాడేవారు తెర మీద దొరుకుతున్నప్పుడు వదులుకోవడం ఎందుకు? ఇంగ్లీషో తెలుగో నేర్చుకోవాలనుకునే ఫ్రెంచి విద్యార్థితో జతకట్టి, అరగంట ఒక భాషలో, అరగంట మరో భాషలో మాట్లాడుకోవాలి. ఒక భాషలోనే మొత్తం సాగితే రెండోవారికి ఆసక్తి పోయి నాలుగు వారాల్లో ఆగిపోతుంది. మనకు సాయంత్రం ఆరున్నర అయితే పారిస్‌లో వేసవిలో మధ్యాహ్నం మూడు, చలికాలంలో రెండు. మాట్లాడబోయే అంశం ముందే అనుకుని, పది పదాలు సిద్ధం చేసుకుని కూర్చోవాలి. జతను అధ్యాపకుల ద్వారా, కళాశాలల మధ్య ఏర్పాటుగా కుదుర్చుకోవడం మేలు. ముక్కూమొహం తెలియని యాప్‌లలో కుదుర్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: ఇంటి దగ్గర రాసి పంపమంటే విద్యార్థులు యంత్రానువాదంతోనో, కృత్రిమ మేధతోనో రాయించి పంపుతున్నారు. దీన్ని ఎలా పట్టుకోవాలి?
— ఇంగ్లీషు అధ్యాపకులు, కాకినాడ

జవాబు: పట్టుకునే పనిలో పడితే మీ కాలమంతా దానికే పోతుంది, పైగా అలాంటి రాతను గుర్తిస్తామని చెప్పే ఉపకరణాలు నిజాయితీగా రాసినవారిని కూడా దోషులుగా చూపుతున్నాయి. అడిగే పనినే మార్చండి. మొదటి చిత్తుప్రతిని తరగతిలో ఇరవై నిమిషాల్లో చేత్తో రాయించి దగ్గర పెట్టుకోండి. ఇంట్లో దాన్ని పెంచి, దిద్ది పంపమనండి, ఏ సాయం తీసుకున్నారో కింద రాయమనండి. మరుసటి తరగతిలో తాను రాసిన ఒక వాక్యాన్ని వేరే మాటల్లో చెప్పమనండి. మార్కులు మూడింటికీ పంచండి. అంశం కూడా దగ్గరలోనిదై ఉండాలి: కొబ్బరి పీచు పరిశ్రమలో పనిచేసే ఒకరితో తెలుగులో మాట్లాడి, ఆ సంభాషణ సారాన్ని ఇంగ్లీషులో రాయమంటే, మాట్లాడే పని యంత్రం చేసిపెట్టలేదు.

ప్రశ్న: మా అమ్మాయి స్వయంలో ఒక భాషా కోర్సు చేరింది. ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయా?
— ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: తనంతట తాను చేరినంత మాత్రాన కలవవు. ఆ కోర్సును ఆ సెమిస్టర్‌కు, ఆ డిగ్రీకి గుర్తిస్తున్నట్టు విశ్వవిద్యాలయం ముందుగా ఆమోదించి ఉండాలి. మీ కళాశాల ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటే, ఆమోదించిన కోర్సుల జాబితా గురించి కళాశాల పరీక్షల విభాగంలో అడగండి. కోర్సులో చేరడానికి రుసుము లేదు. చివరి పరీక్షకు మాత్రం విడిగా రుసుము చెల్లించి, నిర్ణీత కేంద్రానికి వెళ్లి, పర్యవేక్షణలో రాయాలి. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్ల మార్కులు కూడా కలుస్తాయి కనుక వాటిని వాయిదా వేయనివ్వకండి. పరీక్షకు నమోదు గడువు కోర్సు నడుస్తుండగానే ముగుస్తుంది, కాబట్టి ఆమోదం సంగతి ఈ వారంలోనే తేల్చుకోండి.